కొత్త కోచ్ వచ్చిన రోజు

(హైదరాబాద్‌లో ఒక ఆదివారం సాయంత్రం, ఫుట్‌బాల్ అభిమానుల చిన్న సమావేశంలో ఓ విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. మాట తీరు పెద్దగా మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి బాబూ, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు సరిగా పనిచేయకపోయినా కంగారు లేదు. ముప్పై ఏళ్లకు పైగా బడి గ్రౌండ్‌లో అరిచిన గొంతు ఇది. (నవ్వులు)

జట్టుకు కొత్త కోచ్ వచ్చాడనగానే అభిమానులు ఎందుకంత ఊగిపోతారు, దాని మీద మాట్లాడండి సార్ అని మీవాళ్లు అడిగారు. నేను మానసిక శాస్త్రం చదువుకోలేదు. డ్రిల్లు మాస్టారిని. కానీ ఊగిపోయినవాళ్లలో నేనూ ఒకణ్ణి కాబట్టి, ఆ అర్హతతో వచ్చాను.

2025 జులైలో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. భారత జట్టు కోచ్ పదవికి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య దరఖాస్తులు పిలిస్తే 170 వచ్చాయి. అందులో బార్సిలోనాకు ఆడి, ఆ జట్టుకే కోచ్‌గా కూడా చేసిన స్పెయిన్ స్టార్ జావి హెర్నాండెజ్ పేరు ఉందని ఒక రాత్రి వార్త. నా పాత స్టూడెంట్ ఒకడు పదకొండు గంటలకు ఫోన్ చేశాడు. "సార్, జావి! బార్సిలోనా జావి!" వాడి గొంతులో వణుకు. "నాయనా, ఆయనకు జీతం ఎవరిస్తారు?" అన్నాను. "మీరెప్పుడూ ఇంతే సార్" అని ఫోన్ పెట్టేశాడు. మర్నాటికి తేలింది ఏమిటంటే, ఆ ఈమెయిల్ నిజమైనది కాదు. జావి పేరుతోనే కాదు, ప్రపంచంలో పేరున్న కోచ్ గ్వార్డియోలా పేరుతో కూడా దరఖాస్తు వచ్చిందట! (నవ్వులు) నవ్వుతున్నారు గానీ ఆ రాత్రి మీలో ఎంతమంది నిద్రపోయారో చేతులెత్తండి. సరే, వద్దులెండి.

ఆగస్టు 1న ఖాలిద్ జమీల్‌ను ప్రకటించారు. 2017లో ఐజ్వాల్ లాంటి చిన్న జట్టుతో, అప్పట్లో దేశంలో పెద్ద లీగ్ అయిన ఐ-లీగ్ గెలిపించిన మనిషి. సావియో మెడీరా తర్వాత, అంటే పదమూడేళ్ల తర్వాత ఒక భారతీయుడికి ఆ కుర్చీ పూర్తిస్థాయిలో దక్కింది. సగం మంది "మనవాడు వచ్చాడు" అన్నారు. మిగతా సగం "మనవాడేనా?" అన్నారు. మాట ఒక్కటే, చివర్లో ఒక దీర్ఘం, ఒక ప్రశ్నార్థకం.

తర్వాత చూడండి. తజికిస్తాన్ వెళ్లి, తజికిస్తాన్‌నే 2-1తో ఓడించారు. సెప్టెంబర్ 8న ఒమన్‌ను పెనాల్టీల్లో ఓడించి మధ్య ఆసియా దేశాల టోర్నీ కాఫా కప్‌లో మూడో స్థానం తెచ్చుకున్నారు. ఆ రోజు జమీల్ దేవుడు. అక్టోబర్ 14న గోవాలో సింగపూర్ చేతిలో 1-2తో ఓడారు, ఆసియా కప్ ఆశ పోయింది. ఆ రోజు "అసలు ఈయన్ని ఎవరు తెచ్చారు?" అన్నారు. దేవుడికి, ఆ ప్రశ్నకు మధ్య ఐదు వారాలు. మన ఇళ్లలో కొత్త అల్లుడికి కూడా అంతకంటే ఎక్కువ గడువు ఇస్తారు.

ఆ ప్రశ్న మాత్రం పనికొచ్చేదే. "ఎవరు తెచ్చారు?" అన్నది. కాకపోతే దాన్ని ఓడిన రోజు కోపంతో అడుగుతాం. వచ్చిన రోజు నింపాదిగా అడగాల్సిన ప్రశ్న అది. నేను చెప్పదలచుకున్నది ఇంతే. కోచ్ వచ్చిన రోజు మనం కోచ్‌ను చూస్తాం, ఎక్కడ గెలిచాడు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఏ ఫార్మేషన్ ఆడిస్తాడు అని. ఆయన్ని తెచ్చినవాళ్ల వైపు తల తిప్పం.

పెళ్లికి వంటమాస్టర్‌ను మాట్లాడుకుంటాం కదా. ఆయన వచ్చి ఏం చేస్తాడు? ముందు సరుకుల చీటీ రాయిస్తాడు. బియ్యం ఇన్ని బస్తాలు, నూనె ఇన్ని డబ్బాలు, నెయ్యి ఇంత. ఆ చీటీ పట్టుకుని పెళ్లివారు బేగంబజార్ వెళ్లాలి. నెయ్యి బదులు డాల్డా తెచ్చి, ఇరవై కేజీల చోట పది కేజీలు తెచ్చి, ముహూర్తానికి గంట ముందు కట్టెలు పచ్చివి తెచ్చి పడేస్తే, ఎంత గొప్ప మాస్టరైనా ఏం వండుతాడు? కానీ భోజనాల బంతిలో కూర్చున్నవాడు ఏమంటాడు? "వంటవాడు బాగోలేదు" అంటాడు. పెళ్లికొడుకు మేనమామ సరుకుల్లో మిగుల్చుకున్నాడని ఎవరికి తెలుసు?

ఇంగ్లండ్‌లో ఒకప్పుడు మేనేజర్ అంటే చీటీ రాసేదీ ఆయనే, బజారుకు వెళ్లేదీ ఆయనే, వండేదీ ఆయనే. ఇప్పుడు చాలా క్లబ్బుల్లో ఆ పేరు తీసేసి హెడ్ కోచ్ అంటున్నారు. ఉత్త పేరు మార్పు కాదది. బజారు పని ఇంకొకరికి ఇచ్చారు, స్పోర్టింగ్ డైరెక్టర్ అంటారు ఆయన్ని. ఓడితే ఆయన పేరు ఎవరైనా అరుస్తారా? మీలో మాంచెస్టర్ యునైటెడ్ వాళ్లు ఉంటారు, ఎప్పుడూ ఉంటారు, ఆ మొహాలు గుర్తుపట్టొచ్చు. (నవ్వులు)

వాళ్ల గురించి రెండు బ్యానర్ల కథ చెప్తాను. అలెక్స్ ఫెర్గూసన్ 1986 నవంబర్‌లో మేనేజర్‌గా వచ్చాడు. 1989 డిసెంబర్‌లో వాళ్ల సొంత స్టేడియం ఓల్డ్ ట్రఫోర్డ్‌లో ఒక అభిమాని బ్యానర్ పట్టుకున్నాడు. మూడేళ్లుగా సాకులే, ఆట ఇంకా చెత్తగానే ఉంది, ఇక సెలవు ఫెర్గీ అని దాని సారాంశం. ఆ ఫెర్గీ 2013 దాకా ఉండి 13 లీగ్ టైటిళ్లు గెలిచి వెళ్లాడు. ఆయన వెళ్లాక డేవిడ్ మోయెస్ వచ్చాడు. ఈసారి అదే స్టేడియంలో ఎంచుకున్న వాడు ఈయనే అని బ్యానర్ వేలాడదీశారు. చేతిలో ఆరేళ్ల కాంట్రాక్టు. పది నెలలకే పంపేశారు. పొమ్మన్న బ్యానరూ తప్పయింది, రమ్మన్న బ్యానరూ తప్పయింది. మోయెస్ తర్వాత వాన్ హాల్, మౌరినో, సోల్స్‌షేర్, టెన్ హాగ్, అమోరిమ్. ప్రతిసారీ మా మేనల్లుడు "మామయ్యా, ఈసారి పక్కా" అంటూ వచ్చాడు. కొత్తొక వింత, పాతొక రోత అని మన పెద్దలు ఊరికే అనలేదు.

అయితే కొత్త కోచ్ రాగానే రెండు మూడు మ్యాచ్‌లు గెలుస్తారు కదా సార్ అంటారు. గెలుస్తారు. నెదర్లాండ్స్ లీగ్‌లో 1986 నుంచి 2004 దాకా జరిగిన కోచ్‌ల మార్పులను ఒక ఆర్థికవేత్త లెక్కగట్టి చూశాడు. మార్చాక జట్లు పుంజుకున్న మాట నిజమే. కానీ అంతే ఘోరంగా ఓడుతూ కూడా కోచ్‌ను మార్చని జట్లు కూడా దాదాపు అలాగే పుంజుకున్నాయి. జట్టు పాతాళంలో ఉన్నప్పుడే కదా కోచ్‌ను తీసేది! అక్కడి నుంచి ఎటు వెళ్లినా పైకే. జలుబుకు మందు వేసుకుంటే వారంలో తగ్గుతుంది, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుంది.

సరే, ఇంగ్లండ్, హాలండ్ పక్కన పెడదాం. మన ఊరి సంగతికి వస్తాను. నాకు మంట ఉన్నది ఇక్కడే.

2019లో ఇండియన్ సూపర్ లీగ్‌లో, అంటే దేశంలో టాప్ లీగ్‌లో, పుణె క్లబ్ మూతపడి ఆ స్థానంలో మనకు హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. పుణె నుంచే కోచ్ ఫిల్ బ్రౌన్ వచ్చాడు. ఇంగ్లండ్‌లో హల్ సిటీని ప్రీమియర్ లీగ్‌కు ఎక్కించిన మనిషి. మనవాళ్లు పొంగిపోయారు. మొదటి మ్యాచ్ కోల్‌కతాలో 0-5. ఆ తర్వాత గచ్చిబౌలిలో కేరళను 2-1తో కొట్టారు, మార్సెలిన్హో ఫ్రీకిక్ ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. అంతే, ఆ తర్వాత దిగజారుడే. జనవరిలో బ్రౌన్‌ను పంపేశారు. సీజన్ ముగిసేసరికి 18 మ్యాచ్‌లు, 10 పాయింట్లు, చిట్టచివరి స్థానం.

తర్వాత ఆల్బర్ట్ రోకా పేరు ప్రకటించారు. బెంగళూరును నడిపిన మనిషి, అందరికీ తెలిసిన పేరు. సంబరపడ్డాం. 2020 ఆగస్టులో బార్సిలోనా పిలిచిందని ఆయన వెళ్లిపోయాడు. ఆ ఖాళీలో ఒక పేరు వచ్చింది, మనోలో మార్కెజ్. ఎవరు? నేనూ వెతికాను. స్పెయిన్ మొదటి డివిజన్‌లో లాస్ పాల్మాస్ జట్టుకు కోచ్‌గా ఉండి ఆరు మ్యాచ్‌లకే రాజీనామా చేశాడని కనిపించింది. "బిర్యానీ అయిపోయిందని పెరుగన్నం పెట్టారు" అన్నాను నేను. అన్నవాణ్ణి నేనే, ఒప్పుకుంటున్నాను. ఆ మాట విన్న ఇద్దరు సాక్షులు ఈ హాల్లోనే ఉన్నారు, ఇప్పుడు వెనక్కి తిరిగి చూడకండి. (నవ్వులు)

ఆ పెరుగన్నం ఏం చేసింది? మొదటి ఏడాది ఐదో స్థానం, ప్లేఆఫ్ కొద్దిలో తప్పింది. ఇక్కడే నేను మీ దృష్టి అడుగుతున్నాను. ఐదో స్థానం వచ్చినా క్లబ్ ఆయన్ని కదపలేదు. ఆకాశ్ మిశ్రా లాంటి కుర్రాళ్లను ఆడిస్తానంటే ఆడించనిచ్చారు. ఒగ్బెచే లాంటి పెద్ద స్ట్రైకర్‌ను తెచ్చిపెట్టారు. అంటే చీటీ ప్రకారం సరుకులు వచ్చాయి. 2022 మార్చి 20, గోవాలో ఫటోర్డా స్టేడియం. లీగ్ ఫైనల్ కేరళతో. ఆ రోజు పసుపు జెర్సీ వేసుకున్నది మనవాళ్లే, కానీ గ్యాలరీ నిండా ఉన్న పసుపు మాత్రం కేరళవాళ్లది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన వాలీతో 1-1. పెనాల్టీ షూటౌట్‌లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1. మెహదీపట్నంలో మా ఫ్లాట్ కింద వాచ్‌మన్ దొంగలు పడ్డారనుకుని లాఠీ పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

చిత్రమేమిటంటే ఆ ఛాంపియన్ జట్టును ఆ సీజన్‌లో హైదరాబాద్ ఒక్కసారి కూడా గచ్చిబౌలిలో చూడలేదు. కరోనా వల్ల ఆటలన్నీ గోవాలోనే. మన ఊరు గెలిచిన అతిపెద్ద కప్పు మనకు టీవీలోనే దొరికింది. తర్వాతి ఏడాది ఇక్కడ ఆడారు, ముంబై తర్వాత రెండో స్థానంలో నిలిచారు.

2023లో మనోలో గోవాకు వెళ్లాడు. కోనర్ నెస్టర్ వచ్చాడు, ఐర్లండ్ కుర్రాడు. 2019లో కంబోడియాలో స్వే రియెంగ్‌కు లీగ్ గెలిపించాడు. ఈసారి నేను తెలివి తెచ్చుకుని నోరు మూసుకున్నాను. పేరు తెలియని కోచ్‌లే మనకు కలిసొస్తారని లోలోపల ఆశ కూడా పెట్టుకున్నాను. అక్కడ మళ్లీ తప్పు చేశాను. చూడాల్సింది నెస్టర్‌ను కాదు. క్లబ్ ఖజానాను. ఆటగాళ్లకు జీతాలు అందలేదు. కొత్తవాళ్లను తీసుకోకుండా ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా నిషేధం. విదేశీయులు ఒక్కొక్కరుగా విమానం ఎక్కేశారు, చివరికి జొవావ్ విక్టర్ ఒక్కడు మిగిలాడు. డిసెంబర్‌లో నెస్టర్ వెళ్లిపోయాడు. తంగ్‌బోయ్ సింగ్టో మిగిలిన కుర్రాళ్లను పట్టుకుని లాక్కొచ్చాడు. 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు. ఆ ఏడాది సింగ్టో పొయ్యి ముందు నిలబడ్డ వంటమాస్టర్. గిన్నె ఉంది, నీళ్లు ఉన్నాయి. అంతే. ఆయన్ని తిట్టినవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం ఆ మనిషి మీద గౌరవం ఎక్కువే.

ఆ తర్వాత యాజమాన్యం మారింది. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. మొయినాబాద్ వైపు శ్రీనిధి డెక్కన్ వాళ్లు 2022-23లో, ఆ మరుసటి ఏడాది కూడా, అప్పటికి రెండో అంచె అయిన ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచారు, అది మనలో చాలామందికి తెలియను కూడా తెలియదు. 2025 డిసెంబర్‌లో మెస్సీ ఉప్పల్‌కు వస్తే మాత్రం ఊరంతా కదిలింది. తప్పనను. నేనూ టీవీ ముందు నుంచి లేవలేదు.

ఇక అసలు మనిషి దగ్గరకు వస్తాను. సయ్యద్ అబ్దుల్ రహీం. నాకు ఆయన మీద అభిమానం ఎందుకంటే ఆయన కూడా బడిపంతులే. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పిన మనిషి. 1943 నుంచి పోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఆయన చేతుల్లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది, ఆ రోజుల్లో దేశంలో పెద్ద టోర్నీల్లో అదొకటి. పిల్లలకు ఆయన పెట్టిన టోర్నీలు వినండి. డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి పాస్ చేయాల్సిందే, అదొకటి. వాటం లేని కాలితోనే ఆడాలి, అది ఇంకొకటి. కుడికాలివాడు ఎడమకాలితో ఆడితే ఎలా ఉంటుందో నేను మా బడిలో పెట్టి చూశాను. మొదటి రోజు సగం మంది కిందపడ్డారు. నెల తిరిగేసరికి వాళ్లను ఆపలేకపోయాం.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం ఆయనదే. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియాతో ఎంత తేడాతో ఓడామో తెలుసా? 1-10. పది గోల్స్! చలిదేశంలో మనవాళ్లు చాలామంది వట్టికాళ్లతో ఆడారు. ఇవాళ అలా జరిగితే కోచ్ విమానం దిగేలోపే ఆయన పేరు పక్కన "అవుట్" అని లక్ష పోస్టులు పడతాయి. ఆనాటి సమాఖ్య ఏం చేసింది? బూట్లు తప్పనిసరి చేసింది. మధ్యలో జట్టుతో వేరేవాళ్లు వెళ్లిన సందర్భాలున్నాయి గానీ, నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు మళ్లీ రహీం సాబ్‌నే పంపారు. కోచ్ ఆయనే, మారింది కాళ్లకు తొడిగింది. మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో కొట్టారు, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. సెమీఫైనల్ దాకా వెళ్లి నాలుగో స్థానం. ఆ జట్టులో మన నూర్ మహమ్మద్ ఉన్నాడు, జుల్ఫికరుద్దీన్ ఉన్నాడు, అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఉన్నాడు. సికింద్రాబాద్ నుంచి అమ్ముగూడ ఎంత దూరమో మీకు తెలుసు. అక్కడి నుంచి మెల్‌బోర్న్ ఎంత దూరమో ఆలోచించండి.

1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2. మళ్లీ ఫైనల్‌లో అదే కొరియా. అప్పటికే ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది. జర్నైల్ సింగ్ డిఫెండర్, తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతన్ని తీసుకెళ్లి ఫార్వర్డ్‌లో పెట్టాడు. కుట్లు పడ్డ ఆ తలతోనే ఆడి జర్నైల్ ఒక గోల్ కొట్టాడు, పీకే బెనర్జీ ఒకటి కొట్టాడు, 2-1తో స్వర్ణం. మరుసటి ఏడాది జూన్ 11న రహీం సాబ్ పోయారు. ఆ తర్వాత ఆసియా క్రీడల్లో మనకు ఫుట్‌బాల్ స్వర్ణం లేదు. డిఫెండర్‌ను ఫార్వర్డ్‌లో పెడుతున్నాడని తెలిసి ఉంటే ఆ రోజు మన గ్రూపుల్లో ఏమని రాసేవాళ్లో నాకు బాగా తెలుసు. నేనే రాసేవాణ్ణేమో.

మళ్లీ జమీల్ దగ్గరకు ఒక్క నిమిషం. ఆయన వచ్చిన రోజుకు దేశంలో టాప్ లీగే ఆగిపోయి ఉంది, ఎప్పుడు మొదలవుతుందో ఆటగాళ్లకే తెలియదు. కాఫా కప్ శిబిరానికి కోల్‌కతా క్లబ్ మోహన్ బగాన్ తన ఆటగాళ్లను పంపనే లేదు. జమీల్‌కు ముందు భారత జట్టు కోచ్ మన హైదరాబాద్ మనోలోనే, ఆయన కాలంలో జట్టు ఎనిమిది మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటి. జమీల్ తప్పులు చేయలేదని కాదు. సింగపూర్ మీద ఒక గోల్ ముందుండి ఓడిపోవడం నాకూ కడుపు మండింది. కానీ ఆ రోజు రాత్రి నేను చదివిన వందల వాక్యాల్లో లీగ్ ఆగిపోయిందన్న మాట రెండో మూడో చోట్ల కనిపించింది.

ఆ మనోలో గురించి ఒక్క ముక్క చెప్పి ముగిస్తాను. 2024 సెప్టెంబర్ 3న ఆయన భారత కోచ్‌గా మొదటి మ్యాచ్‌కు వచ్చింది ఎక్కడికో కాదు, మన గచ్చిబౌలికే. మారిషస్‌తో. నాకు రాత్రి ఫోన్ చేసిన కుర్రాడే, జావి కుర్రాడు, నా పక్కన కూర్చున్నాడు. మనోలో లోపలి దారిలోంచి మైదానంలోకి రాగానే వీడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు, కళ్లలో నీళ్లు. "మన కోచ్ సార్" అన్నాడు. డెబ్బయ్యో నిమిషానికి అదే నోటితో, అదే మనిషిని, నేను ఇక్కడ చెప్పలేని మాటలు అన్నాడు. 0-0. ఆరు రోజులకు సిరియా వచ్చి మూడు కొట్టి వెళ్లింది.

జట్టు ఢిల్లీ వెళ్లిపోయిన వార్త వచ్చినప్పుడు కూడా వాడే ఫోన్ చేశాడు. "ఇంక వాళ్లకు ఎవరు కోచ్ వస్తే మనకేంటి సార్, పట్టించుకోను" అన్నాడు. వారం తిరక్కుండా మళ్లీ ఫోన్. "సార్, ఢిల్లీకి ఎవరు వస్తారంటారు?"

ప్రశ్నలు ఉంటే అడగండి. ఆ వెనక, పసుపు జెర్సీ అబ్బాయి చేయెత్తాడు. మైకు అటు అందించండి.